జిల్లా గ్రంథాలయంలో పరిశోధకులకు ఒక బల్ల కావాలి

సంపాదకులకు నమస్కారం.

అయ్యా,

కిందటి నెలలో ధాత కరువు మీద ప్రాజెక్టు రాస్తున్న ఎం.ఏ. విద్యార్థిని ఒకామె మా ఇంటికి వచ్చింది. 1876–78 నాటి ఆ కరువులో జమ్మలమడుగు వైపు పల్లెలు ఎలా ఖాళీ అయ్యాయో వాళ్ళ అవ్వ తన పెద్దల నోట విన్న మాటలుగా చెప్పిందట. కాగితం మీది ఆధారాల కోసం రెండు వారాలు ఇంటర్నెట్లో వెతికానని, ‘ఏమీ దొరకలేదు సార్’ అని దిగులుగా అంది. ఫోను తీసుకుని చూశాను. ఆమె వెతికింది కడప అన్న పేరును ఇంగ్లీషులో నేటి స్పెల్లింగుతోనే. 2005లో మార్చే వరకు ఇంగ్లీషు రికార్డుల్లో మన జిల్లా పేరు ‘కె’తో కాదు, ‘సి’తో మొదలై, మధ్యలో రెండు ‘డి’లతో ఉండేది. ఆ పాత స్పెల్లింగు కొట్టగానే గ్రిబుల్ 1875లో రాసిన జిల్లా మాన్యువల్, బ్రాకెన్‌బరీ 1915లో కూర్చిన గెజిటీరు (రెండూ జిల్లా వివరాలను పొందుపరిచిన ఆనాటి ప్రభుత్వ గ్రంథాలే) తెర మీదికి వచ్చాయి. వాటి వెంట వెతుక్కుంటూ పోతే దక్షిణ భారత కరువు మీద విలియం డిగ్బీ 1878లో అచ్చువేయించిన గ్రంథమూ దొరికింది. అన్నీ ఉచితంగా చదువుకోదగినవే. వాటి దాకా వెళ్ళే దారి చెప్పేవారు లేక ఆ అమ్మాయికి రెండు వారాలు వృథా అయ్యాయి.

నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మన సీమ చరిత్రకు ఆధారాలు లేవన్న మాట నా ఉద్యోగ కాలమంతా వింటూనే వచ్చాను. ఆ మాట ఇప్పుడు నిజం కాదు. ఆధారాలు చాలా మటుకు డిజిటల్ రూపంలోకి వచ్చాయి, కానీ వాటిలో వెతకడం ఒక విద్య. ఆ విద్యను ఎక్కడా నేర్పడం లేదు. పేర్ల చిక్కు సరే, సరిహద్దుల చిక్కు ఇంకా పెద్దది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మన జిల్లా నుండి విడిపోయాయి; కదిరి అంతకు ముందే, 1910లో, అనంతపురానికి పోయింది; అసలు అనంతపురం జిల్లాయే 1882 దాకా బళ్ళారిలో భాగం. కాబట్టి 1870ల నాటి అనంతపురం సంగతి కావలసినవారు బళ్ళారి పేరుతో వెతకాలి. కరువుకు ముందు వెనకల జనం ఎంత తగ్గారో తెలియాలంటే 1871, 1881 జనాభా లెక్కల పట్టికలను పక్కపక్కన పెట్టుకోవాలి. కానీ ఆ పాత పట్టికల్లోని ‘జిల్లా’ను నేటి జిల్లాతో పోల్చితే లెక్క మొత్తం తప్పుతుంది. తాలూకాల వారీగా విడదీసుకుంటేనే ఆ అంకెలకు అర్థం ఉంటుంది.

తెలుగు పుస్తకాల విషయంలో ఇబ్బంది మరో రకం. స్కాన్ చేసిన పాత ముద్రణల్లో అరసున్న, బండి ఱ, వలపలగిలక (అక్షరం పక్కన రాసే పాతకాలపు రకార గుర్తు) ఉన్న మాటలను కంప్యూటరు సరిగా చదవలేదు. పదం కొట్టి వెతికితే, ఎదురుగా ఉన్న పుట కూడా లేనట్టే చూపుతుంది. ఒక డిజిటల్ సేకరణలో పుస్తకం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు ఎక్కించడం చూశాను. ఇంకో చోట తాలూకా పటాన్ని మడత విప్పకుండానే స్కాన్ చేశారు. ఆ పుట మీద సగం నది, సగం తెల్ల కాగితం కనిపించినప్పుడు నాకు కలిగిన బాధ చెప్పలేను. ఇలాంటి చోట అసలు ప్రతి ఏ గ్రంథాలయంలో ఉందో వెతికి పట్టుకునే మనిషి కావాలి.

అలాంటి మనిషి విలువ కడపకు తెలియనిది కాదు. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్ దొర ఇక్కడే బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టుకుని, తాళపత్ర ప్రతులను సేకరించి పాఠాలు సరిచూయించాడు. ఆ బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. కంపెనీ కాలపు సర్వే అధికారి మెకంజీ సేకరించిన కైఫీయత్తుల్లో, అంటే ఊళ్ళ స్థానిక చరిత్రల్లో, మన జిల్లావి అక్కడి నుండే సంపుటాలుగా వచ్చాయి. గ్రామ కరణాలు చెప్పిన చెరువుల కథలు, మాన్యాల వివరాలు ఆ కైఫీయత్తుల్లో ఉంటాయి. కలెక్టరు కంటికి కనిపించిన జిల్లా గెజిటీర్లలో ఉంటుంది. రెండూ ఒకే బల్ల మీద తెరిచి చదివితే గాని పల్లె చరిత్ర రాయడం కుదరదు.

ఆ బల్లనే జిల్లా గ్రంథాలయంలో వేయించమని నా విన్నపం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అందులోంచి రెండు కంప్యూటర్లు, నాణ్యమైన ఇంటర్నెట్, ఈ పనిలో తర్ఫీదు పొందిన ఒక గ్రంథపాలకుడు పెద్ద ఖర్చేమీ కాదు. శోధ్‌గంగ అనే వెబ్‌సైటులోని పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసాలు, జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) పాత రికార్డులను చూపే అభిలేఖ్ పటల్, పేరు నమోదు చేసుకుంటే నెలకు 100 పరిశోధన వ్యాసాల దాకా ఉచితంగా చదవనిచ్చే జేస్టోర్ వెబ్‌సైటు వంటివి ఆ బల్ల దగ్గర చూపించవచ్చు. ఇక ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పేరుతో కేంద్రం 2024 నవంబరులో మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసి, సుమారు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు అందుబాటులోకి తెచ్చింది. మెచ్చదగిన పనే. అయితే ప్రైవేటు కళాశాలలో చదివే పేద విద్యార్థికి, ఊరి చరిత్ర రాసుకునే బడిపంతులుకు ఆ తలుపు తెరుచుకోవాలంటే జిల్లా గ్రంథాలయాలను కూడా అందులో చేర్చాలి. మన పార్లమెంటు సభ్యులు ఈ సంగతి అడగాలి.

నా వంతుగా, మన సీమ జిల్లాల ఊళ్ళకు పాత రికార్డుల్లో కనిపించే స్పెల్లింగులను, ఏ తాలూకా ఏ ఏట ఏ జిల్లాలో ఉండేదో ఆ వివరాలను ఇన్నాళ్లుగా ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. బల్ల వేసిన రోజున దాన్ని అక్కడ ఉంచుతాను. వారంలో రెండు పూటలు వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కడప