మేము కుట్టిన ఇసుక సంచులలో జరిగిన పొరపాటు, దానిని సరిచేస్తున్న విధానం

విజయవాడ ఆటోనగర్‌లోని మా చిన్న కార్ఖానాలో ఎయిర్ రైఫిల్ సాధన కోసం చెక్క స్టాండ్లు, రైఫిల్‌ను ఆనించే ఇసుక సంచులు, మోకాలి రోల్స్ (మోకాలి మీద కూర్చుని కాల్చేటప్పుడు చీలమండ కింద పెట్టుకునే దిండ్లు) తయారుచేస్తున్న సంగతి మీకు తెలుసు. ఈ వానాకాలంలో మా దగ్గర కొన్న సంచుల మీద రైఫిల్ ఆనించి కాల్చితే, ఉదయం ఒకచోట పడిన పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్లు) సాయంత్రానికి మరొకచోట పడుతున్నాయని కొందరు చెప్పారు. లోపం రైఫిల్‌లోనో, గురిపెట్టేవారి చేతిలోనో ఉండి ఉంటుందని నేను వారికి సమాధానం చెప్పాను. అలా చెప్పడం తప్పు. ఆ సంచులను తెప్పించుకుని విప్పి చూసిన తరువాత లోపం మా పనిలోనే ఉందని తేలింది కాబట్టి, జరిగినది జరిగినట్టు మీకు తెలియజేస్తున్నాను.

కృష్ణా నది ఇసుకను జల్లెడ పట్టాము గాని, ముసురు వల్ల పూర్తిగా ఎండకముందే సంచులకు ఎత్తాము. నిండుగా కనిపించే సంచినే కొనేవారు ఇష్టపడతారనే ఆలోచనతో మూతి దాకా దట్టించి కుట్టేశాము. చెమ్మ పట్టిన ఇసుక గడ్డకట్టడంతో అదే సంచి ఒకవైపు రాయిలాగా, మరొకవైపు మెత్తగా తయారైంది.

ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు, కానీ లెక్క చూడండి. ముందు ఆధారానికీ, భుజానికి ఆనే స్టాక్ (రైఫిల్ చెక్క పిడి) చివరకూ మధ్య దూరం సుమారు అర మీటరు అనుకుంటే, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో వెనుక సంచి ఒక్క మిల్లీమీటరు కుంగినా, పది మీటర్ల దూరంలో పెల్లెట్ దాదాపు 20 మిల్లీమీటర్లు పైకి పోతుంది. పది మీటర్ల పోటీ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, తొమ్మిది పాయింట్ల వలయం వ్యాసం 5.5 మిల్లీమీటర్లు మాత్రమే. చేతి వణుకును ఆపేంత గట్టిగా ఉంటూనే, ప్రతిసారీ ఒకే తీరుగా రైఫిల్‌కు లొంగేదే మంచి ఆధారం. మా సంచులకు ఈ రెండో గుణం లోపించింది.

స్ప్రింగ్ రైఫిళ్లు వాడేవారికి ఈ ఇబ్బంది మరింత ఎక్కువగా ఎదురైంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూసుకుపోతుంది, దానివల్ల రైఫిల్ వెనక్కి తన్నుతుంది, పిస్టన్ కొసకు చేరి ఆగేటప్పుడు మళ్లీ ముందుకు ఊగుతుంది. ఈ కదలిక పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే మొదలవుతుంది. కింద గట్టి వస్తువు ఉంటే రైఫిల్ దాని మీద ఎగిరి, లక్ష్యం మీద పెల్లెట్లు పడే గుంపు చెదిరిపోతుంది. అందుకే స్ప్రింగ్ రైఫిల్‌ను నేరుగా సంచి మీద పెట్టకుండా, సంచి మీద అరచేతిని చాపి, ఆ చేతిమీద స్టాక్‌ను వదులుగా ఆనించి, ప్రతిసారీ అదే చోట ఉంచి కాల్చమని కోరుతున్నాను. నింపిన గాలితో పనిచేసే పీసీపీ రైఫిళ్లలో ఈ ఊపు చాలా తక్కువ కాబట్టి అవి సంచి తేడాను కొంత ఓర్చుకుంటాయి.

రెండో పొరపాటు మేము సంచితోపాటు ఇచ్చిన కరపత్రంలోనిది. అందులో నేను గీయించిన బొమ్మలో బ్యారెల్ నేరుగా ముందు సంచి మీద ఆని ఉంది. ఆధారం ఎప్పుడూ స్టాక్ ముందుభాగం కిందే ఉండాలి. బ్యారెల్‌ను ఆనిస్తే దాని మీద పడే ఒత్తిడి వల్ల అది కొద్దిగా వంగుతుంది, కాల్చినప్పటి కంపనం తీరు కూడా మారుతుంది, దానివల్ల పెల్లెట్ పడే చోటు జరుగుతుంది, చాలాసార్లు పైకే పోతుంది. ఆ బొమ్మను చూసి రైఫిల్ మీది సైట్లు (గురి చూసే పరికరాలు) సరిచేసుకున్నవారు మళ్లీ మొదటినుంచి సరిచేసుకోవలసి వస్తుంది, అందుకు మన్నించమని వేడుకుంటున్నాను. బ్యారెల్‌కే బిగించే రెండు కాళ్ల స్టాండును అమ్మడం కూడా ఇదే కారణంతో మానుకున్నాము. కొన్నవారు తెచ్చి ఇస్తే పూర్తి డబ్బు తిరిగి ఇస్తాము.

జూన్ నుంచి కొన్న సంచులన్నిటినీ ఖర్చు తీసుకోకుండా సరిచేసి ఇస్తాము. గుంటూరు, మంగళగిరి, తెనాలి వైపువారు తీసుకువస్తే అక్కడికక్కడే విప్పి, బాగా ఎండిన ఇసుకను ముప్పావు వంతు మాత్రమే నింపి, లోపల రెక్సిన్ పొర వేసి కుట్టి ఇస్తాము. దూరంలో ఉన్నవారు ఇసుక బరువుకు కొరియర్ డబ్బు పెట్టనవసరం లేదు: కుట్టు విప్పి, ఇసుకను రెండు మంచి ఎండలలో ఆరబెట్టి, జల్లించి, ముప్పావు వంతు నింపి కుట్టుకోండి, రెక్సిన్ పొర మేము పంపుతాము.

మరొక మాట, ఇది మా సరుకు అమ్మకానికి అడ్డు వచ్చినా చెప్పవలసినదే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో నిలబడి, ఏ ఆధారమూ లేకుండా కాల్చాలి. సంచి మీద వచ్చిన గుంపు మీ రైఫిల్, పెల్లెట్ ఎంత కచ్చితమైనవో చూపుతుందే తప్ప మీ నిలకడను పెంచదు. కొత్త పెల్లెట్ల డబ్బా తెచ్చినప్పుడు, సైట్లు సరిచేసుకునేటప్పుడు సంచి వాడండి, మిగతా సాధన నిలబడే చేయండి. 50 మీటర్ల పోటీలో మోకాలి మీద కూర్చునే భంగిమకు మా దగ్గర రోల్ కొన్నవారు దానిని కొలిచి చూసుకోండి: నియమం ప్రకారం పొడవు 25, వ్యాసం 18 సెంటీమీటర్లు దాటకూడదు. అదే తడి ఇసుక కాలంలో కుట్టిన కొన్ని రోల్స్ ఉబ్బి ఈ కొలత దాటాయి, వాటిని కూడా మార్చి ఇస్తాము.