ఆ బంతి దొర్లేసరికే స్కోరు సమం

సంపాదకుల వారికి నమస్కారం.

బేస్‌బాల్ ప్లేఆఫ్స్ పాత జ్ఞాపకాల మీద మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. ఏడాదిలో ఆరు నెలలు బోస్టన్ దగ్గర మా అమ్మాయి ఇంట్లోనే ఉంటాను కాబట్టి, ఆ ఊరి పేరు కనబడితే చాలు, చూపు అక్కడే ఆగుతుంది. అయితే ఒక్క మాట మింగుడుపడలేదు. 1986లో ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న బిల్ బక్నర్ బంతి వదిలేయడం వల్లే బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ వరల్డ్ సిరీస్ (ఏడు మ్యాచ్‌లలో నాలుగు గెలవాల్సిన ఫైనల్) పోగొట్టుకుందని రాశారు.

నాకు ఈ ఆట నేర్పింది ఇక్కడి పార్కులో కలిసే ఒక పెద్దాయన. బెంచీ మీద నాలుగు గులకరాళ్లు పేర్చి, పరుగు కోసం ఆటగాడు వరసగా చుట్టి రావాల్సిన బేస్‌లు అవే అంటాడు. అక్టోబర్ వస్తే చాలు, 1986 అక్టోబర్ 25 రాత్రి షే స్టేడియంలో జరిగిన ఆరో మ్యాచ్ మళ్లీ మొదలు. పదో ఇన్నింగ్స్, బోస్టన్ 5-3 ఆధిక్యం, బ్యాటింగ్ చేస్తున్న న్యూయార్క్ మెట్స్‌లో ఇద్దరు ఔట్, బేస్‌ల మీద ఎవరూ లేరు. ఇంకొక్క ఔట్ పడితే 1918 తర్వాత మొదటి టైటిల్. అక్కడి నుంచి కార్టర్, మిచెల్, నైట్ వరసగా మూడు హిట్స్ కొట్టారు. 5-4. బోస్టన్ తరఫున కొత్తగా వచ్చిన పిచర్ (బంతి విసిరేవాడు) బాబ్ స్టాన్లీ వేసిన ఒక బంతి క్యాచర్‌కు అందకుండా పోయింది. మిచెల్ చివరి బేస్ అయిన హోమ్‌కు వచ్చేశాడు, ఇంకో పరుగు. పెద్దాయన రాయి జరిపి, నా మొహంలోకి చూస్తాడు: "5-5. బక్నర్ దగ్గరికి బంతే రాలేదు ఇంకా."

ఆ తర్వాతే మూకీ విల్సన్ కొట్టిన బంతి మెల్లగా దొర్లుతూ వచ్చి బక్నర్ కాళ్ల సందులోంచి పోయింది. 6-5, మ్యాచ్ మెట్స్‌ది. చీలమండలు పాడై కుంటుతున్న మనిషిని ఆ రాత్రి ఫస్ట్ బేస్‌లో ఉంచింది మేనేజర్. చివర్లో బక్నర్ బదులు స్టాపుల్టన్‌ని దింపడం మామూలే, ఆ రోజు దింపలేదు. పైగా అది ఆరో మ్యాచే. ఏడో మ్యాచ్‌లో 3-0తో ముందుండి కూడా 8-5తో ఓడారు. అది ఎవరి కాళ్ల సందులోంచి పోయినట్టు?

రెడ్ సాక్స్ చివరికి టైటిల్ గెలిచిన 2004 గురించి చెప్పేటప్పుడు మాత్రం పెద్దాయన కూర్చోలేడు. ఫైనల్‌కు ముందు సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ మీద 0-3తో వెనకబడి, నాలుగో మ్యాచ్ కూడా చేజారుతున్నప్పుడు డేవ్ రాబర్ట్స్ సెకండ్ బేస్ దొంగిలించిన (బంతిని ఎవరూ కొట్టకుండానే పరుగెత్తి చేరుకున్న) తీరు నడిచి చూపిస్తాడు. మోకాళ్లు పట్టేసినా సరే.

బక్నర్ 22 సీజన్లు ఆడి 2,715 హిట్స్ కొట్టాడు. బెదిరింపులు భరించి చివరికి కుటుంబంతో ఐడహోకు వెళ్లిపోయాడు. 2008 ఏప్రిల్‌లో రెడ్ సాక్స్ సొంత మైదానం ఫెన్‌వే పార్కుకు పిలిస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆయన అన్నది మీబోటి వారు వినదగ్గది: తాను మనసులో క్షమించాల్సి వచ్చింది అభిమానుల్ని కాదు, మీడియాని అని.

మనకూ ఇది కొత్త కాదు. అదే 1986 ఏప్రిల్‌లో షార్జాలో చేతన్ శర్మ చివరి బంతిని మియాందాద్ సిక్స్ కొట్టాడు. మరుసటి ఏడాది నాగ్‌పూర్‌లో అదే చేతన్ ప్రపంచకప్ చరిత్రలో తొలి హ్యాట్రిక్ తీశాడు. ఏది ఎక్కువ మందికి గుర్తుందో మీ ఆఫీసులోనే అడిగి చూడండి. ఈనాటికీ క్యాచ్ జారిన కుర్రాడి ఫొటో మీద "కొంప ముంచాడు" అని హెడ్డింగ్ పెడుతూనే ఉన్నాం.

బక్నర్ 2019లో పోయాడు. ఆ వాక్యానికి చిన్న సవరణ వేయమని కోరుతున్నాను. వేస్తే ఫోన్‌లో పెద్దాయనకు చూపిస్తాను. ఆయనకు తెలుగు రాదు గానీ 5-5 చదవగలడు.

– ఒక పాఠకుడు, తెనాలి (ప్రస్తుతం మసాచుసెట్స్)