మంత్రి గారూ, తూములు వేసే ముందు చేపల దారి చూడండి

రహదారులు, భవనాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమకు మంచి రోడ్లు కావాలని అడిగేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. వానాకాలంలో కొబ్బరికాయల ట్రాక్టరు గుంటలో దిగబడితే ఎంత అవస్థో అనుభవించినవాణ్ణి. రోడ్డు ఆపమని ఈ లేఖ రాయడం లేదు. ఆ రోడ్డు కాలువను దాటే చోట పని ఏ నెలలో చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో ఒకసారి చూడమని రాస్తున్నాను.

మా దగ్గర ఏ రోడ్డు వేసినా నీటిని దాటక తప్పదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన తర్వాత పంట కాలువలు, మురుగు కాలువలు, బోదెలు ఊరూరా అల్లుకుపోయాయి. ఆ కాలువల్లో ఏముందని అడిగితే కొత్తగా వచ్చిన ఇంజనీర్లు గుర్రపుడెక్క అంటారు. పైకి కనిపించేది అదే మరి. దాని కింద కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, గొరక ఉంటాయి. పులస కోసమైతే పుస్తెలు అమ్మమన్నారు పెద్దలు. గొరక కోసం ఎవరూ గాజు కూడా అమ్మరు. అయినా కూలికి వెళ్ళి వచ్చిన ఇంట్లో సాయంత్రం ఉడికే పులుసు ఈ చేపలదే.

వీటి సంతతి అంతా తొలకరి మీద ఆధారపడి ఉంది. మొదటి గట్టి వానకు పొలం నిండి, నీరు బోదె గుండా మురుగు కాలువలోకి దిగుతుంది. ఆ పారుదలకు చేపలు ఎదురెక్కుతాయి. లోతు లేని కొత్త నీటిలో, గడ్డి దుబ్బుల మధ్య గుడ్లు పెడతాయి. కొర్రమీను జంట గడ్డిని పక్కకు తోసి గుండ్రంగా చోటు చేసుకుంటుంది, నీటిపై తేలే గుడ్లకు కాపలా ఉంటుంది. పిల్లలు వచ్చాక గట్టు మీద నిలబడి చూడండి. నారింజ రంగు పిల్లల గుంపు నీటి పైపైన బుడగలు లేపుతూ సాగుతుంటుంది. కింద తల్లో తండ్రో నల్లగా కనీకనబడకుండా వెంట ఉంటుంది. రాయి విసిరితే గుంపు మునిగి, కాస్త అవతల మళ్ళీ తేలుతుంది. లారీడు ఎర్రమట్టి పడితే మళ్ళీ తేలదు.

మా ఊరి దగ్గర ఆ మధ్య ఒక చిన్న వంతెన పని జరిగింది. ఏ శాఖ, ఏ కాంట్రాక్టరు అన్నది ఇక్కడ అప్రస్తుతం. వేసవిలో కావలసిన పని వాయిదా పడి పడి సరిగ్గా వానల ముందు మొదలైంది. డ్రెయినుకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్ళు తోడేశారు. కాంక్రీటు మిల్లరు కడిగిన బూడిద రంగు నీళ్ళను కింది మడుగులోకి వదిలారు. సిమెంటు నీటిలోని క్షారం చేప మొప్పలను కాల్చేస్తుంది. మర్నాటికి పరిగెలు వెల్లకిలా తేలాయి. కట్ట తీయకముందే వానలు పడ్డాయి. ఎగువన సార్వా నారుమళ్ళు మునిగితే, చివరికి రైతులే పలుగులు పట్టుకుని గండి కొట్టారు.

పక్కనే పాత తూము తీసేసి సిమెంటు గొట్టాలు వేశారు. వాటిని కాలువ అడుగు కన్నా ఎత్తులో పెట్టారు. దిగువన నీటి కోతకు గొయ్యి పడి, గొట్టం అంచు నీటికి జానెడు పైన వేలాడింది. చేపలు ఎగిరి ఎగిరి ఆ అంచుకు కొట్టుకుని పడుతుంటే పిల్లలు కింద చేపలు పట్టే మావులు పెట్టి పట్టుకున్నారు. వాళ్ళకు పండగే. ఎగువ పొలాలకు మాత్రం ఆ ఏడాది చేప ఎక్కలేదు.

చలి దేశాల్లో ట్రౌట్ చేపలు వాగు అడుగున గులకరాళ్ళ సందుల్లో గుడ్లు పెడతాయి. సన్నని ఒండ్రు పేరుకుంటే గుడ్లకు గాలి అందదు. అందుకే బ్రిటన్, అమెరికాల్లో చాలాచోట్ల గుడ్లు పెట్టే నెలల్లో వాగులోకి దిగి పనిచేయడంపై ఆంక్షలు ఉంటాయి. మనకు అలాంటి గడువు ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కరలేదు. ఏటా వేసవిలో కాలువలకు నీరు కట్టేస్తారు కదా, పని చేసుకోవడానికి అదే అదను.

అందులోనూ ఒక మెలిక ఉంది. నీరు కట్టేశాక చేపలన్నీ వంతెనల కింది లోతు మడుగుల్లోకి చేరతాయి. వచ్చే ఏడు గుడ్లు పెట్టే తల్లి చేపలు అవే. పునాదుల కోసం, కాంక్రీటు తడపడం కోసం ఇంజను పెట్టి తోడేది కూడా ఆ మడుగులనే. తోడే ముందు ఊళ్ళో వల ఉన్నవాళ్ళను పిలిస్తే, చేపలను బతికుండగానే పట్టి మరో మడుగులో వదిలిపెడతారు. కాంట్రాక్టరుకు ఒక పూట కూలి ఖర్చు, అంతే.

చట్టం లేక కాదు. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. విషపూరితమైన వాటిని నీటిలో కలపకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. మనుషులు తవ్విన కాలువలు కూడా ఆ చట్టం కిందికి వస్తాయి. 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ మాత్రం పెద్ద రహదారులకే. పల్లె రోడ్డు దాని కిందికి రాదు. డెల్టాలో తూములు ఎక్కువగా పడేది ఆ పల్లె రోడ్ల మీదే. కాబట్టి ఈ షరతులు మీ టెండరు కాగితంలోనే ఉండాలి: తూము అడుగు కాలువ అడుగు కన్నా కిందికి దించాలి, మిల్లరు కడిగిన నీటికి గట్టు మీద గొయ్యి తవ్వాలి, మట్టికట్టను కాలువలకు నీరు వదలక ముందే పూర్తిగా ఎత్తివేయాలి. చేప కోసం అడుగుతున్నానని చిన్నచూపు చూడకండి. 2022లో కోనసీమ రైతులు సాగు ఆపేసి పంట విరామం అన్నప్పుడు చెప్పిన బాధల్లో డ్రెయిన్ల పూడిక కూడా ఉంది. చేప ఎక్కలేని తూములోంచి మా ముంపు నీరూ సరిగా దిగదు.

కోరింగ వైపు వేసే రోడ్లకు ఇంకొకటి చేర్చండి. అక్కడి మడ అడవులు 1978 నుంచి అభయారణ్యం. బావురుపిల్లి, నీటికుక్క రాత్రిపూట కాలువ వెంటే తిరుగుతాయి. తూము నిండా నీరుంటే అవి రోడ్డెక్కి దాటుతాయి, లారీల కింద పడతాయి. తూము లోపల ఒక పక్కన మూరెడు వెడల్పు పొడి అంచు కడితే చాలు, కిందనుంచే వెళ్ళిపోతాయి.

పని జరిగే చోట పెట్టే బోర్డు మీద అంచనా విలువ, కాంట్రాక్టరు పేరు రాస్తున్నారు. ఇకమీదట మట్టికట్ట తీసే తేదీ కూడా రాయించండి. ఆ తేదీ దాటితే ఎవరిని అడగాలో, వాళ్ళ ఫోను నంబరు ఏమిటో దాని కిందే ఉండాలి. ఫోను ఎత్తాలన్న షరతు కూడా పెడితే సంతోషం.

ఇట్లు,
కోనసీమ రైతు ఒకడు