ఫార్మాట్ కొట్టే ముందు ఆ గొంతులు ఎక్కడున్నాయో చూడండి

సంపాదకుడు గారికి,

జగిత్యాలలో మా ఇంటి మేడ మీద గదిలో పదకొండేళ్లుగా పాటలు రికార్డు చేస్తున్నాను. బతుకమ్మ పాటలు, పెళ్లి పాటలు, ఎలక్షన్లొస్తే పార్టీ పాటలు. గోడలకు పాత బొంతలు కొట్టిన గది, ఒక మైకు, ఒక కంప్యూటరు. మా వైపు నుంచి యూట్యూబ్‌లోకి వచ్చే జానపదాలు చాలామటుకు ఇలాంటి గదుల్లోనే పుడతాయి.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి నా తోటి రికార్డింగు వాళ్లు ఒక్కొక్కరే కంప్యూటర్లు మోసుకుని రిపేరు షాపులకు వెళ్తున్నారు. నేనూ వెళ్లాను. నా కంప్యూటరు ప్రాసెసర్ ఎనిమిదో జనరేషన్ ఐ5 కాబట్టి విండోస్ 11 కోసం కొత్త మెషీన్ కొనే ఖర్చు తప్పింది. ఎలాగూ మారుస్తున్నాం, పాత చెత్తంతా పోతుందని సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టించాను. షాపు కుర్రాడు అడగాల్సింది అడిగాడు: 'సి లో ఏమన్నా ఉందా అన్నా?' 'ఏం లేదు, పాటలన్నీ డి లోనే ఉంటాయి' అన్నాను. ఆ మాట నాదే, అతని తప్పేం లేదు.

మూడు రోజులు పట్టింది మళ్లీ అన్నీ ఎక్కించడానికి. పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ క్యూబేస్ కొన్నదే కాబట్టి గంటలో వచ్చేసింది. దానికి తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు, అంటే ప్లగిన్లలో సగం, చెప్పకూడదు గానీ, స్నేహితులిచ్చిన క్రాక్‌లు, కొనకుండా వాడే దొంగ కాపీలు. వాటిలో కొన్ని విండోస్ 11లో తెరుచుకోనే లేదు. వాయిద్యాల శబ్దాలు పలికించే కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే 'శాంపిల్స్ మిస్సింగ్' అంది. ఆ శబ్దాలున్న ఎక్స్‌టర్నల్ డిస్కు మునుపు 'ఈ' (E) డ్రైవ్, ఇప్పుడు 'ఎఫ్' (F) అయి కూర్చుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి దానికి ఎస్ అనే అక్షరం ఇచ్చాక దారికొచ్చింది. అందరూ వాడని అక్షరం ఇస్తే మళ్లీ మళ్లీ మారదు. ఇవన్నీ చికాకులే, ఏడవాల్సినవి కావు.

నాలుగో రోజు ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. ఆరేళ్ల కింద నా దగ్గర ఒక బతుకమ్మ పాట పాడింది. పోయినేడు చనిపోయింది. 'అన్నా, సంవత్సరీకానికి డప్పు, కీబోర్డు ఏం వద్దు, అమ్మ గొంతు ఒక్కటే కావాలె' అన్నాడు. అదెంత పని అనుకుని డి డ్రైవ్‌లో ఆ ప్రాజెక్టు తెరిచాను. 'మిస్సింగ్ ఫైల్స్' అని ఒక డబ్బా వచ్చింది. ట్రాకులన్నీ వరుసగా ఉన్నాయి, నేను పెట్టిన పేర్లూ రంగులూ ఉన్నాయి, ఆవిడ గొంతు ఉండాల్సిన చోట మాత్రం శబ్దాన్ని చూపే అల గీత లేదు. ఖాళీ పట్టీ.

జరిగిందేమిటంటే, ఆవిడ పాడిన రోజు తొందరలో ఫోల్డర్ చూడకుండా ఓకే నొక్కాను. క్యూబేస్ తన అలవాటు ప్రకారం సి లోని డాక్యుమెంట్స్‌లో రికార్డు చేసుకుంది. తర్వాత నేను 'సేవ్ యాజ్' కొట్టి డి లో పెట్టాను. అలా చేస్తే ప్రాజెక్టు ఫైలు ఒక్కటే కదులుతుంది, ఆడియో ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఆ చిన్న ఫైలును చూసుకుని పాట భద్రంగా ఉందనుకున్నాను. మెనూలో 'ప్రిపేర్ ఆర్కైవ్' అని ఒకటుంది, నొక్కితే బయటున్న ఆడియోనంతా ప్రాజెక్టు ఫోల్డర్లోకి తెచ్చి పెడుతుంది. పదకొండేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా ముట్టలేదు.

ఇప్పుడు ఏఐతో గొంతు విడదీయొచ్చు కదా అంటారు. డప్పు, కీబోర్డు కలిసిపోయిన పాట ఎంపీత్రీ ఒక్కటే మిగిలింది, దానితో అదీ చేశాను. డప్పు దెబ్బ పడ్డ ప్రతిచోటా ఆవిడ మాట నీళ్లలో మునిగి లేచినట్టుంది. చరణం చివర ఊపిరి తీసుకునే చప్పుడైతే పూర్తిగా పోయింది. కొడుక్కి అదే పంపాను. 'మంచిగనే ఉందన్నా' అన్నాడు పాపం.

మీ టెక్నాలజీ పేజీలో కొత్త ఫోన్ల గురించి వారం వారం రాస్తారు. ఒక్క వారం ఈ సంగతి రాయండి. షాపుల వాళ్లు 'సి లో ఏమన్నా ఉందా' అని అడిగి ఊరుకోకుండా, డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరిచి ఓనర్‌కు చూపించి అప్పుడు ఫార్మాట్ కొడితే బాగుంటుంది. ఇక నా తోటివాళ్లకు: పాడినవాళ్ల ఉత్త గొంతును వాళ్ల చేతికే ఇచ్చేయండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో వేవ్ ఫైలు నిమిషానికి 9 ఎంబీ కూడా కాదు, ఐదు నిమిషాల పాటంటే 43 ఎంబీ. వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే క్వాలిటీ తగ్గకుండా వెళ్తుంది. నేను మొదలుపెట్టాను. మొన్న పాడి వెళ్లిన ఒకావిడ 'ఇది నాకెందుకు బిడ్డా, మ్యూజిక్కే లేదు' అంది. ఉండనీ అమ్మా అని ఆవిడ మనవరాలి ఫోన్‌కు పంపాను.

- ఒక పాఠకుడు, జగిత్యాల