స్క్రబ్బర్‌లోకి పోయే సగం

అమ్మడూ,

పీహెచ్‌డీలో హాలోజనేజ్ ఎంజైముల మీద, అంటే అణువులకు క్లోరిన్, బ్రోమిన్ లాంటివి ఎక్కించే ఎంజైముల మీద పని చేస్తానన్నావు. ఏదో అడగబోయేలోపే మీ అమ్మ ఫోను లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం.

బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసినవాణ్ణి. మాకు బ్రోమినేషన్ అంటే మాస్కు, ఎర్రటి పొగ, ఆ పొగను కడిగేసే స్క్రబ్బర్. బెంజీన్ వలయం మీదికి బ్రోమిన్ ఎక్కించేటప్పుడు అణువులోని రెండు పరమాణువుల్లో ఒకటే ఎక్కుతుంది. రెండోది హైడ్రోజన్ బ్రోమైడ్‌గా మారి స్క్రబ్బర్‌లోని కాస్టిక్ సోడా నీళ్లలో కలుస్తుంది. డబ్బు పెట్టి కొన్న సరుకులో సగం ఉప్పునీళ్లు! ఆ ఎక్కిందైనా వలయంలో తనకు నచ్చిన చోటే కూర్చుంటుంది.

ఎంజైము అలా కాదు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంలో పీఆర్‌ఎన్‌ఏ అనే ఎంజైము ఏడో స్థానంలోనే క్లోరిన్ పెడుతుంది, పైఆర్‌హెచ్ అనేది అయిదో స్థానంలో. కావలసింది క్లోరైడ్ ఉప్పు, గాలిలోని ఆక్సిజన్, క్షయకరణం చెందిన, అంటే ఎలక్ట్రాన్లు అందుకున్న, ఫ్లావిన్ అనే సహాయక అణువు. 2005లో పీఆర్‌ఎన్‌ఏ నిర్మాణం బయటపడ్డాక కిటుకు తెలిసింది: ఫ్లావిన్ దగ్గర పుట్టిన హైపోక్లోరస్ ఆమ్లం దాదాపు 10 ఆంగ్‌స్ట్రామ్‌ల ఇరుకు సొరంగం దాటి ట్రిప్టోఫాన్‌ను చేరుకుంటుందట.

ఇదంతా ల్యాబులో ముచ్చటేనంటే ఒప్పుకోను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధన నడిపిస్తుండగా 1948లో వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఏమిటి? క్లోర్‌టెట్రాసైక్లిన్. అందులోని క్లోరిన్‌ను కెమిస్టులు ఎక్కించలేదు, స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి తన చుట్టూ ఉన్న ద్రవంలోని క్లోరైడ్‌తో తానే ఎక్కించుకుంది. ఫెర్మెంటర్లలో అది జరుగుతూనే ఉంది.

విడిగా తీసిన ఎంజైముతోనే తంటా. ఫ్లావిన్ రకం బద్ధకపుది, నిమిషానికి ఏ ఒక అణువునో తేలుస్తుంది. ఫ్లావిన్‌ను మళ్లీ మళ్లీ సిద్ధం చేయడానికి ఇంకో రెండు ఎంజైములు వంత పాడాలి. 2015లో జర్మనీలో గ్రాము స్థాయిలో చేస్తే అదే పెద్ద విశేషం. మా రియాక్టర్‌కు గ్రాము ఒక మూలకు సరిపోదు! గోధుమ రంగు సముద్రపు నాచులో దొరికే ఇంకో రకం, వెనేడియం లోహంతో పని చేసేది, గట్టిది, హైడ్రోజన్ పెరాక్సైడ్, బ్రోమైడ్ ఇస్తే చాలు. కానీ అది హైపోబ్రోమస్ ఆమ్లాన్ని బయటికి వదిలేస్తుంది, ఎక్కడ కూర్చోబెట్టాలన్న పట్టు మళ్లీ చేజారుతుంది.

ఇంకొకటి. నీళ్లలో జరుగుతుంది కాబట్టి పర్యావరణానికి మంచిదని రాసెయ్యకు. ఆ నీళ్లలోంచి సరుకును బయటికి లాగడానికి ఇథైల్ ఎసిటేట్ ద్రావణి ఎంత పట్టిందో, ఎంత ఎఫ్లుయెంట్ (వ్యర్థ జలం) మిగిలిందో కిలో లెక్కన చూపించు. మా బ్యాచ్ షీట్లలో ముందు చూసేది అదే.

మీ గైడు గారు నీకు ఇచ్చింది ఫ్లావిన్ రకమా, వెనేడియం రకమా? వెంటనే రాయి.

నాన్న