టార్గెట్ కాగితం కాదు, కొలతలు పంపండి

కస్టమర్ సర్వీస్ వారికి,

ఇంగ్లీషులో ఎన్నిసార్లు రాసినా మీ దగ్గర్నుంచి అదే అచ్చు జవాబు వస్తోంది కాబట్టి ఈసారి తెలుగులో రాస్తున్నాను, డాలస్ చుట్టుపక్కల షూటింగ్ రేంజ్‌లకి వెళ్లే మనవాళ్లకి కూడా కనబడేలా పెడుతున్నాను. అనువాదం ఖర్చు మీదే.

సంగతి మీకు తెలిసిందే. మీ సింగిల్ యాక్షన్ రివాల్వర్ (ప్రతిసారీ హ్యామర్ చేత్తో వెనక్కి లాగి కాల్చేది), 1873 నాటి కోల్ట్ నమూనాకి నకలు, 45 కోల్ట్ తూటా, ఐదున్నర అంగుళాల బ్యారెల్. 25 గజాల దూరంలో, చేతులు శాండ్‌బ్యాగ్ మీద ఆనించి కాల్చినా బుల్లెట్లు అన్నం పళ్లెమంత మేర చెదిరిపోతున్నాయి. వారంటీ కింద పంపితే శుభ్రంగా తుడిచి, నూనె రాసి, "స్పెసిఫికేషన్ ప్రకారమే ఉంది" అని చీటీ పెట్టి తిప్పి పంపేశారు. దానికి తోడు మీ టెక్నీషియన్ కాల్చిన టార్గెట్ కాగితం ఒకటి, చూడముచ్చటగా ఉంది, కాకపోతే మూలన పెన్సిల్‌తో ఏడు గజాలు అని రాసుంది. అంటే 21 అడుగులు. అంత దగ్గర్నుంచి బుల్లెట్లు ఒకచోట పడితే దాన్ని పరీక్ష అంటారా?

పైగా రెండు సలహాలిచ్చారు. ఒకటి, ఫ్రంట్ సైట్, అంటే గురి చూసే ముందు మొన, కొంచెం అరగదీయించుకోమని. సర్దడానికి వీల్లేని ఫిక్స్‌డ్ సైట్ ఉన్న రివాల్వర్‌లో ఫ్రంట్ సైట్ అరగదీస్తే దెబ్బ పైకి వెళ్తుంది, అంతే. బుల్లెట్లన్నీ ఒకేచోట గుంపుగా పడుతూ ఆ గుంపు కిందకో పక్కకో ఉంటే సైట్ సంగతి చూడాలి, కిందకుంటే అరగదీయాలి, పక్కకుంటే బ్యారెల్‌ని దాని మరల్లోనే రవ్వంత తిప్పాలి. నా బాధ అది కాదు కదా, అసలు గుంపే కట్టడం లేదు. ఒకసారి అరగదీసిన ఇనుము మళ్లీ అతకదు, అలాంటి సలహా ఫోన్‌లో ఇచ్చే ముందు ఒక్క ప్రశ్నయినా అడగాలి కదండీ. రెండోది, తూటాలు మార్చి చూడమని. మార్చాను. 250 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) గట్టి సీసం, 255 గ్రెయిన్ల మెత్తటి సీసం, రాగి తొడుగువి కూడా. మెత్తటి సీసంతో కాస్త నయం, గట్టి సీసంతో ఘోరం. ఈ తేడాలోనే జబ్బు తెలిసిపోతుంది, దాని దగ్గరికి వస్తాను.

నా చేతి వాటం మీద అనుమానం ఉంటే అదీ తీరిపోయింది. మా రేంజ్‌లో కౌబాయ్ పోటీలకి వెళ్లే పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఆయన కాల్చినా అదే తంతు, అదే రోజు ఆయన సొంత రివాల్వర్‌తో నేను కాలిస్తే బాగానే పడ్డాయి.

ఇక మీరు చేయాల్సిన పని నేను చేశాను. గ్రిప్ స్క్రూలు, సిలిండర్ తిరిగే ఇరుసు అయిన బేస్ పిన్ బిగువుగానే ఉన్నాయి. బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలచటి రేకు) 0.005 అంగుళం, దానికి వంక పెట్టను. హ్యామర్ నెమ్మదిగా లాగితే తూటాలు పెట్టే ఆరు చాంబర్లలోనూ సిలిండర్ సరిగ్గా లాక్ అవుతోంది. మెత్తటి సీసం గోళీని బ్యారెల్ ఈ చివర నుంచి ఆ చివరకి తోశాను. ఫ్రేమ్‌లో బిగించే మర దగ్గర బ్యారెల్ నొక్కుకుపోయిన బాపతు రివాల్వర్లు ఉంటాయని విన్నాను కాబట్టి అక్కడ ప్రత్యేకంగా చూశాను, ఎక్కడా పట్టేయలేదు. బయటికొచ్చిన గోళీని మైక్రోమీటర్‌తో కొలిస్తే గ్రూవ్ దగ్గర, అంటే బ్యారెల్ లోపలి మెలిక గాళ్ల దగ్గర, 0.451 అంగుళం.

తర్వాత సిలిండర్ విప్పి చాంబర్లకి మార్కర్‌తో 1 నుంచి 6 దాకా నంబర్లు వేసి, ఒక్కో చాంబర్‌తో విడివిడిగా ఒక్కో టార్గెట్ కాల్చాను. ప్రతి చాంబర్‌కీ ముందు బ్యారెల్‌లో పేరుకున్న సీసం తీసేశాను, గిన్నెలు తోమే అసలు రాగి పీచు కొంచెం బ్రష్‌కి చుట్టి గట్టిగా నాలుగు తోపులు తోస్తే సీసం వెండి రంగు పొరలు పొరలుగా తెల్ల గుడ్డ మీద రాలుతుంది. ఎక్కువ భాగం ఫోర్సింగ్ కోన్ (సిలిండర్ వైపు బ్యారెల్ వెడల్పాటి నోరు) దాటిన మొదటి అంగుళంలోనే ఉంది. 2, 5 నంబర్ల చాంబర్లు రెండంగుళాల్లో పెట్టాయి. మిగతా నాలుగూ ఆరేడు అంగుళాలు.

అప్పుడు పిన్ గేజ్‌లు, అంటే రంధ్రాలు కొలిచే కచ్చితమైన సైజు ఉక్కు కడ్డీలు, అడిగి తెచ్చుకున్నాను. 0.452 పిన్ను 2, 5 చాంబర్ల త్రోట్‌లోకి (బుల్లెట్ బయటికొచ్చే చాంబర్ ముందు భాగం) వేలితో నెడితే మెల్లగా జారింది. మిగతా నాలుగింట్లో అది కాదు కదా, 0.450 కూడా దూరలేదు, 0.449 మాత్రమే పట్టింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 0.452 బుల్లెట్ ఆ ఇరుకులోంచి దూరేసరికి సన్నబడుతుంది, ఆ సన్నబడ్డదే వెళ్లి 0.451 బ్యారెల్‌లో పడుతుంది. అందులో అది వదులు. ఆ మెలిక గాళ్లు సరిగ్గా పట్టవు, వెనకున్న వేడి గ్యాస్ పక్కల్నుంచి దూసుకుపోయి సీసాన్ని కోసేస్తుంది, కోసింది బ్యారెల్‌కి అంటుకుంటుంది, వెనకొచ్చే బుల్లెట్ ఆ పేరుకున్న సీసం మీదుగానే పోవాలి. మెత్తటి సీసమైతే వెనక ఒత్తిడికి కొంచెం ఉబ్బి సందు మూస్తుంది, గట్టిది ఉబ్బదు. అందుకే ఆ తేడా.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విషయం కాదు, త్రోట్ బ్యారెల్ గ్రూవ్‌కి సమానంగానో వెయ్యోవంతు అంగుళం ఎక్కువగానో ఉండాలని సీసం బుల్లెట్లు పోత పోసుకునే ఎవర్ని అడిగినా చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు 45 కోల్ట్ బ్యారెళ్లు 0.454 ఉండేవి, ఇప్పుడు 0.451, 0.452 మధ్య ఉంటున్నాయి, పాత కొలతా కొత్త కొలతా కలిసిపోయి తికమక జరిగిందంటే కూడా అర్థం చేసుకునేవాణ్ణి. కానీ ఒకే సిలిండర్‌లో రెండు ఒక కొలత, నాలుగు ఇంకో కొలత! నాకైతే ఇది రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకి తొలిచే పనిముట్టు) అరిగిపోయినా మార్చకుండా లాగించేసిన పనిలాగే కనిపిస్తోంది. కాదంటారా, అయితే మీ స్పెసిఫికేషన్‌లో త్రోట్ ఎంతుండాలో అంకెల్లో చెప్పండి. మూడుసార్లు అడిగినా ఆ ఒక్క అంకె మాత్రం రాలేదు.

నాకు కావాల్సింది చెప్తున్నాను. నాలుగు చాంబర్ల త్రోట్‌లూ రీమర్ పెట్టి 0.452కి తెరవండి. ఇక్కడ గన్‌స్మిత్ ఎవరైనా చేస్తారు, కానీ బయట ముట్టుకుంటే వారంటీ పోతుందని మీ బుక్‌లెట్‌లోనే ఉంది, మీరు చేయరు, ఇంకొకరిని చేయనివ్వరు, ఇదెక్కడి న్యాయం? రీమింగ్ కుదరకపోతే కొత్త సిలిండర్ అమర్చండి, అమర్చాక టైమింగ్ (ప్రతి చాంబర్ బ్యారెల్‌కి సరిగ్గా ఎదురుగా ఆగుతోందా అని), బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు మళ్లీ చూడండి. రానూపోనూ షిప్పింగ్ మీదే. తిప్పి పంపేటప్పుడు ఆరు చాంబర్ల కొలతలు విడివిడిగా రాసి, 25 గజాల్లో కాల్చిన టార్గెట్ పెట్టండి. ఇవేవీ కుదరవంటే డబ్బు వాపసు ఇచ్చేయండి, అందులో నాకేం మొహమాటం లేదు.

నెలాఖరులోగా జవాబు రాకపోతే ఫోటోలు, టార్గెట్‌లు, మీ చీటీ అన్నీ కలిపి రాష్ట్ర వినియోగదారుల ఫిర్యాదు విభాగానికి పంపుతాను. షిప్పింగ్ లేబుల్ ఈమెయిల్‌లో పంపిస్తే చాలు, ప్యాకింగ్ రెడీగా ఉంది. సిలిండర్ మీద మార్కర్ నంబర్లు అలాగే ఉంచాను, మీ టెక్నీషియన్‌ని ఈసారి ముందే తుడిచెయ్యొద్దని చెప్పండి.

ఇట్లు,
మీ కస్టమర్