పండగ అయ్యాక కుర్చీలు మడిచేవాళ్ళు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మార్చి 19న, ఉగాది సాయంత్రం, రామమూర్తి నగర్‌లో మా లేఅవుట్ వాళ్ళం చేసుకున్న కార్యక్రమం గురించి మీ బెంగళూరు పేజీలో వార్త వేశారు. చాలా సంతోషం. పంచాంగం చదివిన అయ్యవారి పేరు, వేదిక మీద కూర్చున్న ముగ్గురు పెద్దల పేర్లు అందులో ఉన్నాయి. కానీ వందన సమర్పణ అయిపోయాక కూడా అక్కడ గంటన్నర పని జరిగింది. కుర్చీలు మడిచి ఆటోకి ఎక్కించారు, ప్లేట్లు కడిగారు, మైదానం ఊడ్చారు. ఆ పని చేసినవాళ్ళు ఎవరి పేరూ వార్తలో లేదు. వాళ్ళు అడగరు కూడా. వాళ్ళ కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు సంగతి నిరుటి ఉగాది దగ్గర మొదలైంది. అది మార్చి 30, ఆదివారం. మేమందరం కలిసి చేసుకున్న మొదటి పండగ అదే. సుమారు 250 మంది వచ్చారు. పచ్చడి, పులిహోర, బొబ్బట్లు, పిల్లల పాటలు, అన్నీ బ్రహ్మాండంగా జరిగాయి. కాగితం ప్లేట్లలో తిన్నాం, ప్లాస్టిక్ గ్లాసుల్లో తాగాం. చెత్త మూటలు అక్కడే పెట్టి, "పొద్దున చూసుకుందాంలే" అనుకుని రాత్రి తొమ్మిదిన్నరకి ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయాం. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

మర్నాడు రంజాన్ సెలవు. ఆరుంపావుకి పాలకి బయల్దేరాను. రాత్రి కుక్కలు మూటలు చింపేసినట్టున్నాయి, ప్లేట్లన్నీ రోడ్డంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పార్కు కంచెకి గాలికి కొట్టుకొచ్చిన గ్లాసులు వరసగా తగులుకుని ఉన్నాయి. మా వీధులు ఊడ్చే పౌరకార్మికురాలు చీపురు పట్టుకుని వాటి మధ్య నిలబడి ఉంది. రోజూ కనిపించే మనిషే. నేను ఇన్నేళ్ళూ ఆమెతో వచ్చీరాని కన్నడంలో రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు ఆమె తెలుగులో అడిగింది:

"పండగ మీరు చేసుకుంటిరి, ఎత్తేది మేమా అక్కా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. పాలగిన్నె గట్టు మీద పెట్టి, ఇంటికెళ్ళి చీపురు తెచ్చుకున్నాను. ఇద్దరం గంటకు పైగా ఊడ్చాం. ఆమెది పలమనేరు పక్క పల్లె అట, వాళ్ళ అవ్వ కాలంలో ఇక్కడికి వచ్చేశారట. బెంగళూరు రోడ్లు ఊడ్చేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారని అందరికీ తెలుసు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి తరాల కింద వచ్చినవాళ్ళు. నేను హిందూపురం నుంచి వచ్చి 31 ఏళ్ళయింది, నాకూ తెలుసు. తెలిసి కూడా, తెలుగువాళ్ళ పండగ అని గొప్పగా చేసుకున్న రోజున ఆ తెలుగావిడకి మిగిల్చింది మా ఎంగిలి ప్లేట్లు. ఆ ఒక్క గంటకే నా నడుం పట్టేసింది. ఆమె అక్కణ్ణించి ఇంకో రెండు వీధులు ఊడ్చుకోవాలి.

ఆ తర్వాతి ఆదివారం మా ఇంట్లో 11 మందిమి కూర్చున్నాం. ఒక్కటే తీర్మానం చేసుకున్నాం: స్థలం ముందు ఎలా ఉందో అలా అయ్యాకే కార్యక్రమం అయిపోయినట్టు. ఏ కార్యక్రమానికైనా ముందు పనుల జాబితా రాయాలి, అతిథుల సంగతి తర్వాత. లెక్కలు బ్యాంకులో రిటైరైన పెద్దాయన తీసుకున్నారు. వచ్చింది, ఖర్చయింది, మిగిలింది ఒక కాగితం మీద రాసి ప్రతిసారీ పార్కు గేటుకి అంటించేవారు.

ప్లేట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కొనాలంటే డబ్బులు లేవు. మా మూడో క్రాస్‌లో (అడ్డవీధిలో) ఒకావిడ, "ఇంటికి రెండు పాత స్టీలు ప్లేట్లు అడుగుదాం, అటక మీద లేనిది ఎవరింట్లో?" అంది. అడిగితే 187 వచ్చాయి. ఏ రెండూ ఒక రకం కావు. అన్నీ కడిగి మా వరండాలో బోర్లిస్తే అప్పుడు కనబడ్డాయి, వెనక చెక్కిన పేర్లు. మన ఇళ్ళలో సామాను కొనగానే పేరు కొట్టించేవాళ్ళు కదా, కొట్లోనే, చుక్కలు చుక్కలుగా. తెలుగులో ఉన్నాయి, కన్నడంలో ఉన్నాయి, తమిళంలో ఉన్నాయి, ఒకటి మలయాళంలో ఉంది. పెళ్ళి తేదీలు ఉన్నాయి. అన్నిటికన్నా పాతది 1974. నేనిచ్చిన రెంటిలో ఒకదాని మీద మా అమ్మ పేరు, పక్కన పుట్టింటి పేరు మొదటి అక్షరం. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ ప్లేటు ఇవ్వడానికి ఒక పూట తటపటాయించిన మాట నిజం. ఇప్పుడు అందులో ప్రతి పండగకీ ఎవరో ఒకరు అన్నం తింటున్నారు. పిల్లలు కడుగుతూ పేర్లు పైకి చదువుతారు. "ఈ అవ్వ ఎవరింటి అవ్వ?" అని అడుగుతారు. ఎవరో ఒకరు "మా ఇంటి అవ్వ" అంటారు. ఇళ్ళ నంబర్లు తప్ప మనుషులు తెలియని మా లేఅవుట్‌లో ఒకళ్ళ అమ్మమ్మ పేరు ఇంకొకళ్ళకి తెలిసింది ఇలాగే.

స్టీలు ప్లేట్లంటే నీళ్ళు కావాలి కదా అని కొందరు అడ్డం పడ్డారు. వాళ్ళ మాటా న్యాయమే. 2024 ఎండాకాలం బెంగళూరులో ఎవరూ మర్చిపోలేదు. తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్న రోజులవి. ట్యాంకరు కోసం మేం ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు. అందుకని కుళాయి కింద కడగడం మానేశాం. ముందు మెతుకులన్నీ గీకి తడి చెత్త బకెట్లో వెయ్యాలి. తర్వాత మూడు టబ్బులు: ఒకదాంట్లో సబ్బు నీళ్ళు, రెండో దాంట్లో ఒక జాడింపు, మూడో దాంట్లో ఇంకోటి. చివరి టబ్బు నీళ్ళు పార్కులో కానుగ చెట్లకి. బాగా గీకితే నీళ్ళు తక్కువ పడతాయని రెండోసారికే అందరికీ అర్థమైంది.

వినాయక చవితికి ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. మొత్తం ఖర్చు మాదే, పందిరికి రెండు వైపులా మా ఫ్లెక్సీ పెట్టండి చాలు అన్నారు. రెండు గంటలు వాదించుకున్నాం. ఫ్లెక్సీలూ, ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ కర్ణాటకలో 2016 నుంచే నిషేధం అని లెక్కల పెద్దాయన చెప్పడంతో ఆ వాదన ఆగింది. కానీ గుడ్డ బ్యానరు పెడతామన్నా నేను వద్దనే అనేదాన్ని. ఖర్చంతా ఒకరే పెట్టుకుంటే మిగతావాళ్ళం చుట్టాల్లా వచ్చి తిని వెళ్తాం. ఇంటికి వంద రూపాయలు ఇచ్చినవాళ్ళు వచ్చి కుర్చీ ఎత్తుతారు. ఈ ఏడాదంతా నేను కళ్ళారా చూసింది ఇది.

ఆగస్టు 27న మట్టి వినాయకుణ్ణి పెట్టాం. డ్రమ్ములోనే నిమజ్జనం చేసి, కరిగిన మట్టి తులసి కుండీల్లోకి పంచుకున్నాం. కుర్రాళ్ళు డీజే కావాలన్నారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు మైకు పెట్టకూడదు, పగలైనా ఇళ్ళ మధ్య 55 డెసిబుల్స్ దాటకూడదు అని రూల్సు చెబితే వాళ్ళకి ఎక్కలేదు. నాలుగో క్రాస్‌లో మంచం పట్టిన పెద్దావిడ ఉన్నారు. వాళ్ళలో ఒక అబ్బాయిని వాళ్ళింటికి తీసుకెళ్ళి ఆ గదిలో పది నిమిషాలు కూర్చోబెట్టాను. పందిట్లో అప్పుడు మామూలు పాటలే వస్తున్నాయి, అయినా ఆవిడ చెవులు మూసుకుని పడుకుని ఉన్నారు. తిరిగొచ్చాక రెండు స్పీకర్లు వాడే దించేశాడు.

పందిరి ఎలాగూ ఉంది కదా అని రెండు రోజుల తర్వాత, 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుకి అందులోనే పిల్లలకి తెలుగు చదివించాను. నేను ముప్పై ఏళ్ళు టీచరుగా చేశాను, ఆ ఒక్క పనీ నాకు వచ్చు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు, తెలుగు చదవడం రాదని తల్లిదండ్రులు బాధపడతారు. బోర్డు మీద గ, మ, న పక్కపక్కన రాసి సున్న పెట్టాను. నాలుగో తరగతి పాప "గమనం" అని ఠక్కున చదివేసింది. ఒకే లిపి రెండుగా విడిపోయింది కదా, సగం అక్షరాలు వాళ్ళకి ముందే వచ్చు. క, త, శ దగ్గర ఆగుతారు, అవి నేర్పితే చాలు. తెలుగు పిల్లల వెనక కన్నడ పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు ప్రతి శనివారం మా వరండాలో ఈ క్లాసు నడుస్తోంది.

సెప్టెంబరు 23 ఇక్కడ పౌరకార్మికుల దినం. మా వీధుల్లో పనిచేసే ఆరుగురినీ భోజనానికి పిలిచి, వాళ్ళని కూర్చోబెట్టి మేం వడ్డించాం. చీరలు పెడదామని కొందరన్నారు. ముందు ఏం కావాలో అడుగుదామన్నాను. నిరుడు నన్ను ప్రశ్న అడిగిన ఆవిడే లేచి చెప్పింది: పగిలిన గాజు విడిగా ఇవ్వండి, ఇక ఆడవాళ్ళ ప్యాడ్లు, పిల్లల డైపర్లు కాగితంలో చుట్టి మీద ఎర్ర చుక్క పెట్టండి, మేం చేత్తో విప్పి వేరు చెయ్యాల్సి వస్తోంది అంది. తన అరచేతిలో గాజు తెగిన గీత చూపించింది. ఆ పూట అక్కడున్న మగవాళ్ళు తలలు దించుకున్నారు. నేనైతే మంచి పని జరిగిందనే అనుకున్నాను. మర్నాడే స్టేషనరీ కొట్లో ఎర్ర స్కెచ్ పెన్నులు కొని ఇంటింటికీ ఇచ్చాం.

అక్టోబరులో రక్తదాన శిబిరం పెట్టాం. రక్తం ఇవ్వడానికి కావాల్సిన హిమోగ్లోబిన్ 12.5 లేక చాలామంది ఆడవాళ్ళు వెనక్కి వెళ్ళారు. అందులో మా పక్కింటి అమ్మాయి కూడా ఉంది, తనకి అంత తక్కువని అప్పటిదాకా తెలియదు. నవంబరు 1న రాజ్యోత్సవం, అంటే కర్ణాటక అవతరణ దినం, కన్నడ కుటుంబాలు చేశాయి. 1956లో సరిగ్గా అదే రోజు ఇటు మైసూరు రాష్ట్రం, అటు ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. వాళ్ళు జెండా ఎగరేసి కూర్చుంటే తెలుగువాళ్ళం వడ్డించి, ప్లేట్లు కడిగాం. ఎవరి పండగకి వాళ్ళు కూర్చోవాలి, మిగతావాళ్ళు పని చెయ్యాలి అన్న పద్ధతి అక్కడే పుట్టింది. క్రిస్మస్‌కి ఏమీ చెయ్యలేకపోయాం. సంక్రాంతికి ముగ్గులు వేసి, ఇక్కడివాళ్ళు ఎళ్ళు బెల్లం అనే నువ్వులు, బెల్లం పంచుకున్నాం.

క్రిస్మస్‌కి ఎందుకు చెయ్యలేకపోయామో కూడా రాయాలి. డిసెంబరుకి 11 మందిమి ఐదుగురమయ్యాం. ప్రతిసారీ ఆ ఐదుగురే. నాకు మోకాలు వాచింది. రాజ్యోత్సవం లెక్కలో 340 రూపాయలు తేడా వస్తే ఎవరో ఒక మాట తూలారు, లెక్కల పెద్దాయన మూడు వారాలు గడప దాటలేదు. టెంటు వాడి రసీదు ఆయన పంచాంగంలోనే దొరికింది. ఆ మాట అన్నవాళ్ళే వెళ్ళి పిలుచుకొచ్చారు. కానీ ఆ మూడు వారాల్లో నాకొకటి తెలిసింది. ఆయన లేకపోతే డబ్బా తాళం ఎక్కడుందో ఇంకొకరికి తెలియదు. టబ్బుల్లో నీళ్ళు ఎప్పుడు మార్చాలో నాకు తప్ప ఇంకొకరికి తెలియదు. బాగా చేస్తున్నాం అనుకుంటూ మేమే అన్నీ పట్టుకుని కూర్చున్నాం. అది మా తప్పు.

అందుకే ఈ ఉగాదికి వరసగా రెండుసార్లు ఎవరూ ఒకే పని చెయ్యకూడదని పెట్టుకున్నాం. జాబితాలో 26 పేర్లు వచ్చాయి. టబ్బుల దగ్గర నా బదులు డీజే అడిగిన కుర్రాడు నిలబడ్డాడు. మెతుకులు సరిగ్గా గీకని ప్లేటు వస్తే వెనక్కి పంపించాడు, పెద్దవాళ్ళది అయినా సరే. నేను జీవితంలో మొదటిసారి పండగ పూట కూర్చుని తిన్నాను. పౌరకార్మికురాలు తన మనవరాలితో వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పిల్ల శనివారం క్లాసుకి వస్తానంది.

సంపాదకుల వారికి నా విన్నపం ఒకటి. తెలుగు సంఘాల కార్యక్రమాల వార్తలు మీ పేజీలో రోజూ వస్తాయి. ముఖ్య అతిథుల పేర్లు వెయ్యండి, తప్పు లేదు. దానితో పాటు స్థలం ఎవరు శుభ్రం చేశారు, చెత్త ఎక్కడికి వెళ్ళింది అని మీ విలేఖరి ఒక్క మాట అడగాలి, ఆ ఒక్క వాక్యం అచ్చు వెయ్యాలి. పేపర్లో వస్తుందని తెలిస్తే నిర్వాహకులు ముందే ఏర్పాటు చేసుకుంటారు. ఇక బెంగళూరులో కొత్తగా ఇలాంటివి మొదలుపెట్టాలనుకునే తెలుగువాళ్ళకి చెప్పేదేమిటంటే, ప్లేట్లు కావాలంటే మా 187 ఉన్నాయి, అరువిస్తాం. లెక్కపెట్టి తీసుకెళ్ళి, కడిగి, లెక్కపెట్టి తేవాలి.

శ్రీరామనవమికి పానకం, కోసంబరి (నానబెట్టిన పెసరపప్పుతో చేసేది) అనుకున్నాం. గ్లాసులు 90 మాత్రమే జమయ్యాయి. ఈ సాయంత్రం ఐదో క్రాస్‌లో అడగడానికి వెళ్తున్నాను.

— ఒక రిటైర్డ్ టీచరు, రామమూర్తి నగర్, బెంగళూరు